చలిదేశానికి తొలి ఓడ ప్రయాణం: ఏర్పాట్లు, ఖర్చులు

(పోతనాళ ఉగాది సభలో చదివిన ప్రసంగపాఠం)



పచ్చడి తిని, పంచాంగం విని కూర్చున్న వారికి జమాఖర్చులు చదివి వినిపించడం న్యాయం కాదని మాకు తెలుసు. కాని కార్యదర్శిగారు మా యింటికి వచ్చి, “మీ దంపతులు అలాస్కా వెళ్ళి వచ్చారు గదా, ఆ విశేషాలు నాలుగు మాటలు చెప్పండి” అన్నారు. విశేషాలు మేము చెప్పనక్కరలేదు. మంచుకొండల ఫొటోలు ఈనాడు ప్రతి ఫోనులోనూ ఉన్నవి. వెళ్ళడానికి ఏమి కావలెనో, ఎంత కావలెనో, ఎక్కడ కాలు జారుతుందో చెప్పేవారే తక్కువ. కనుక మేము ఖర్చు సంగతి చెబుతామన్నాము, వారు ఒప్పుకొన్నారు.

మన క్యాంపులలో చాలా యిళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు. తల్లిదండ్రులు వెళ్ళుట, ఆరు మాసాలు ఉండుట, మనుమలను ఎత్తుకొనుట, వచ్చుట మామూలయినది. మా అబ్బాయి సియాటిల్ దగ్గర ఉన్నాడు. అలాస్కాకు వెళ్ళే విహారనౌకలు ఎక్కువగా బయలుదేరే రేవులలో ఆ ఊరు ఒకటి. వాటిని క్రూయిజులంటారు; మన వీధిలో అందరూ “ఓడ ప్రయాణం” అనే అన్నారు గనుక మేమూ ఆ మాటే వాడుతాము. ఆ ఓడ ఏడు రాత్రులు తిరిగి, మళ్ళీ సియాటిల్‌లోనే దించుతుంది. మధ్యలో కెచికాన్, జూనో, స్కాగ్వే అనే ఊళ్ళు, ఒక మంచునది, చివరకు కెనడాలో విక్టోరియా. ఈ చివరి పేరు గుర్తుంచుకోండి. మా కథలో చెడు గ్రహం అదే.

అలాస్కాను అమెరికా వారు 1867 లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నారు. ఎకరాకు రెండు సెంట్లు కూడా పడలేదట. సెంట్లంటే మన భూమి సెంట్లు కావు, డబ్బు సెంట్లు. ఆ రోజుల్లో ఆ బేరాన్ని వెక్కిరించిన వారున్నారు. డెల్టాలో ఉన్న ఎకరం అమ్మి, తుంగభద్ర ఎడమ కాలువ క్రింద రేగడిలో తుమ్మలు కొట్టుకొనడానికి వచ్చిన మన పెద్దలను కూడా ఊళ్ళో అలాగే వెక్కిరించారని మా నాన్నగారు చెప్పేవారు.

మొదట, ఎప్పుడు వెళ్ళవలెను? ఈ విషయంలో రైతుకు ఒక అదృష్టం ఉన్నది. అలాస్కా ఓడలు ఏప్రిల్ చివరినుండి అక్టోబరు దాకా తిరుగుతవి. జూన్, జూలై, ఆగస్టులలో బడులకు సెలవులు గనుక జనం ఎక్కువ, ధర ఎక్కువ. మే నెలలో ధర తక్కువ. ఆ తీరంలో వాన తక్కువ పడే నెలలలో కూడా మే ఒకటి. మనకేమో రెండో పంట కోతలయి, తొలకరి నారుమళ్ళు పోయకముందు చేతికి ఖాళీ దొరికేది ఆ నెలలోనే. చలి కొంచెం ఎక్కువ ఉంటుంది. జూనోలో మే నెల పగలు 13, 14 డిగ్రీలు, తెల్లవారుజామున నాలుగైదు. ఇక్కడ నలభై రెండు డిగ్రీలలో ఎండ కాచుకొన్నవాళ్ళం, ఆ చలికి డబ్బిచ్చి వెళుతున్నామని మరచిపోకూడదు.

అయితే ఖాళీ మే నెలలో దొరికినా, డబ్బు మే నెలది పనికిరాదు. ఇది మాకు కాగితం మీద వ్రాసికొన్నప్పుడుగాని తెలియలేదు. ఓడ కంపెనీవారు టిక్కెట్టు ఖాయం చేసుకొనేటప్పుడు కొంత బయానా తీసికొంటారు. మిగిలిన సొమ్మంతా ఓడ కదిలే దినానికి రెండున్నర, మూడు మాసాల ముందే కట్టవలెను. మే నెల ఓడకు ఫిబ్రవరిలో కట్టాలన్నమాట. అప్పటికి రెండో పంట ఇంకా పొలంలోనే ఉంటుంది. కాబట్టి ఓడ ఖర్చు మొదటి పంట డబ్బులోనుండే రావలెను. రెండో పంట మీద ఆశపెట్టి బయానా ఇస్తే, చివరకు అప్పు చేయవలసి వస్తుంది. అప్పు చేసి విహారానికి వెళ్ళడం మాకు ఇష్టం లేదు. అబ్బాయి, “నేను కడతాను నాన్నా” అన్నాడు. వాడి ఉద్యోగం వీసా మీద నిలిచి ఉన్నది, ఇంటి మీద అప్పున్నది. వద్దన్నాము.

మేము మొదట బయలుదేరదలచినది 2025 లో కాదు, 2023 లో. అప్పుడు మేము ముగ్గురం. మూడవవారు మాలో ఒకరికి అక్కయ్య, మరొకరికి వదిన. ఆమె పదేళ్ళ పిల్లగా 1960 లో మా కుటుంబంతోపాటు ఇక్కడికి వచ్చినది. నీడకు చెట్టు లేని ఆ వేసవిలో, దూరపు బావినుండి నీళ్ళు మోయడం ఆమె వంతు. టీవీలో అలాస్కా చూచినప్పటినుండి, “అంత చల్లటి నీళ్ళు, ఊరికే పారుతున్నవి” అనేది. భర్త పోయిన మనిషి. ఇక్కడ ఒక మాట: ఓడలో ధరలన్నీ ఒక గదికి ఇద్దరు అన్న లెక్క మీద ఉంటవి. ఒంటరి మనిషి వెళితే దాదాపు రెండు టిక్కెట్ల సొమ్ము పడుతుంది. కొన్ని గదులలో మూడవ పడక ఉంటుంది. దానికి సాధారణంగా ధర తక్కువ. ముగ్గురం ఒకే గది తీసికొన్నాము. ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవారిని వెంట తీసికొని వెళ్ళదలచినవారు మొదటే ఈ మూడవ పడక సంగతి అడగండి. ఆ గదులు త్వరగా అయిపోతవి.

పట్నంలో ఒక ఏజెంటు ద్వారా టిక్కెట్లు కొన్నాము. మా ముగ్గురికీ పదేళ్ళ అమెరికా వీసా ఉన్నది. “అమెరికాలో ఎక్కి అమెరికాలో దిగుతారు, ఇంకేమీ అక్కరలేదు” అన్నాడాయన. మేమూ అంతే గదా అనుకొన్నాము. సొమ్మంతా కట్టాము. ఓడ ఇంక మూడు వారాలున్నదనగా, అబ్బాయి స్నేహితుడొకడు మాటల మధ్య, “పెద్దవాళ్ళకు కెనడా వీసా తీసికొన్నారా?” అని అడిగాడు.

సంగతి ఏమిటంటే, అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉన్నది. పరదేశపు జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో మనుషులను ఎక్కించుకొని, మరే దేశపు రేవునూ తాకకుండా అమెరికా రేవులోనే దించకూడదు. పెద్ద విహారనౌకలు దాదాపు అన్నీ బహమాస్, పనామా వంటి దేశాల జెండాలు కట్టినవే. అందుకని సియాటిల్ ఓడ, చట్టం కోసమైనా సరే, విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతుంది. తరచుగా అది సాయంకాలమో రాత్రో. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసినప్పుడు, 2021 లో అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా మరొక చట్టం చేస్తేగాని అలాస్కా ఓడలు కదలలేదంటే, ఈ పాత చట్టం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చును. ఓడ కెనడా రేవు తాకుతుంది గనుక భారత పాస్‌పోర్టు వారికి కెనడా వీసా కావలెను. విక్టోరియాలో దిగము, గదిలోనే పడుకొంటామంటే కుదరదు. కాగితాలు సియాటిల్ రేవులో ఎక్కేటప్పుడే చూస్తారు. అక్కడ లేదంటే మనము గట్టున, ఓడ నీళ్ళలో. అమెరికా పౌరులైన పిల్లలకు ఈ చిక్కు లేదు గనుక వారికి ఇది తోచదు. కొడుకూ కోడలూ టిక్కెట్లు కొని మనకు ఆనందం కలిగించాలనుకొనే ఇళ్ళలో ఇది ఎక్కువ ప్రమాదం.

మూడు వారాలలో వీసా రాలేదు. టిక్కెట్లు రద్దు చేసుకొన్నాము. అంత దగ్గరకు వచ్చిన తరువాత రద్దు చేసినందున రేవు పన్నులు తప్ప మాకు మరేమీ తిరిగి ఇవ్వలేదు. లక్షా అరవై వేల రూపాయలు, మేము ఓడ ఎక్కకుండానే నీళ్ళలో కలిసినవి. అక్కయ్య తన భాగం మేము తిరిగి ఇస్తామంటే పుచ్చుకోలేదు. “వచ్చే ఏడు వెళదాము, స్వెట్టరు కొన్నాను గదా” అన్నది.

ఆ ఏడు వానలు లేవు. 2023 లో కర్ణాటకలో దాదాపు అన్ని తాలూకాలనూ కరువు తాలూకాలుగా ప్రకటించిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. కాలువ చివరనున్న మనకు అది పొలంలోనే కనిపించినది. 2024 మేలో ఓడ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన నెలలోనే అక్కయ్య పోయినది. మేము ఇక్కడ నిలబడి కెనడా వీసా, కెనడా వీసా అని ఇంత చాదస్తంగా చెప్పుటకు కారణం అదే.

తరువాత ఆ ఆగస్టు. ఓడకోసమని నాట్లు వేసేటప్పుడే ఎకరానికి కొన్ని బస్తాలని మనసులో అనుకొన్నాము. 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయం, కళ్ళముందు నీళ్ళు వెళ్ళిపోవుట. ఆ వారం రోజులూ ఈ ప్రాంతంలో ఎవరూ నిద్రపోలేదు. మన తెలుగువారే, గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే అడ్డుపలకలు దించి దానిని మూశారు. పిమ్మట వానలు పడి జలాశయం మళ్ళీ నిండినది. పంట చేతికి వచ్చిన తరువాతనే మేము ఓడకు బయానా ఇచ్చాము. నీళ్ళు కాలువలో ఉన్నప్పుడు కాదు, ధాన్యం కాటా అయిన తరువాత.

ఇంతకన్నా ముందే, అనగా సెప్టెంబరులోనే, కెనడా వీసాకు దరఖాస్తు పెట్టాము. ఈసారి వరుస తిరగవేశాము: ముందు వీసా, తరువాత బయానా. మనిషికి వీసా రుసుము నూరు కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఎనభై అయిదు. వేలిముద్రలు ఇచ్చుటకు హైదరాబాదు వెళ్ళి వచ్చాము. సాధారణంగా పాస్‌పోర్టు గడువు దాటి వీసా ఇవ్వరు గనుక గడువు దగ్గరపడిన పాస్‌పోర్టును ముందు కొత్తది చేయించుకొనడం మంచిది.

ఇక పద్దు. ఇద్దరికి కలిపి చెబుతాము.

ప్రకటనలో మనిషికి 749 డాలర్లు, ఇద్దరికి 1,498. మేము కట్టిన రోజుల్లో డాలరు 86 రూపాయల లెక్క వేసికొన్నాము. అంటే లక్షా ఇరవై తొమ్మిది వేలు. చాలామంది ఇక్కడే లెక్క ఆపి, ఫరవాలేదే అనుకొంటారు. దీనిమీద రేవు పన్నులు, రుసుములు ఇద్దరికి 520. ఆ తరువాత బక్షీసులు. మన హోటలులో లాగా ఇష్టముంటే ఇచ్చేది కాదు. రోజుకు మనిషికి ఇంతని గది ఖాతాలో వ్రాసేస్తారు. మా ఓడలో పదహారు డాలర్లు. ఇద్దరికి ఏడు రోజులకు 224. గది శుభ్రంచేసే వారూ, వడ్డించేవారూ చాలామంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశాల పిల్లలే. ఇల్లు వదిలి మాసాల తరబడి నీళ్ళమీద బ్రతికేవారు. వలస వచ్చినవాళ్ళం, ఆ పద్దు దగ్గర మేము గొణగలేదు.

బీమా 130. దీనిని మాత్రం ఎవరూ తగ్గించకండి. ఓడలో వైద్యుడున్నాడు గాని ఆయన కట్టే కట్టుకు అక్కడి ధర. మరీ ఎక్కువైతే హెలికాప్టరు. అరవై దాటినవారు పాత జబ్బులు దాచకుండా వ్రాయించి, కాగితంలో ఏమున్నదో పిల్లలచేత చదివించుకోవలెను.

ఊళ్ళలో దిగి చూచేవాటికి 370. స్కాగ్వేలో ఒక చిన్నపట్టాల రైలున్నది. 1898 లో బంగారం కోసం జనం ఎగబడినప్పుడు మొదలుపెట్టి 1900 లో ముగించారు. సముద్రమట్టం నుండి ఇరవై మైళ్ళలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. అది మాత్రం ఓడవారి ద్వారానే కొన్నాము, ఇద్దరికి 270. ఓడవారు అమ్మిన యాత్ర ఆలస్యమయితే ఓడ ఆగుతుంది. మనంతట మనము వెళ్ళి ఆలస్యమయితే ఆగదు. జూనోలో మెండెన్‌హాల్ మంచునది ఊరికి దగ్గర గనుక అక్కడ బయటి బస్సు ఎక్కాము, వంద డాలర్లతో అయినది. తిమింగలాల పడవ మానుకొన్నాము. అదృష్టవశాత్తు ఒకటి రెండు మా ఓడ మీదనుండే నీళ్ళు చిమ్ముతూ కనిపించినవి. ఓడలో చిల్లర ఖర్చు 60. ఇంటర్నెట్టు కొనలేదు, ఏడు రోజులు ఫోను నిద్రపోయినది.

ఇదంతా 2,802 డాలర్లు, రెండు లక్షల నలభై ఒక్క వేలు. కెనడా వీసాలు సుమారు 23 వేలు. హైదరాబాదు రాకపోకలు 6 వేలు. చలిబట్టలు, బూట్లు 14 వేలు. మొత్తం రెండు లక్షల ఎనభై నాలుగు వేల రూపాయలు. ప్రకటనలోని సొమ్ముకు రెండింతల పైచిలుకు. మాకు ఇరవై ఎకరాలు. ఆనాటి ధరకు ఎకరానికి ఎనిమిది బస్తాల ధాన్యం ఓడ ఎక్కినదన్నమాట. ఈ విధంగా చెబితే మా యింట్లో వారందరికీ వెంటనే అర్థమయినది.

విమాన ఖర్చు ఏదీ అని అడుగుతారు. దీనిమీద మాలో మాకే రెండు రోజులు తగవు నడిచినది. వంటింటి పద్దు చూచేవారు, “పిల్లల దగ్గరకు ఎటూ వెళతాము, అది ఓడ లెక్కలో వేయకండి” అన్నారు. పొలం పద్దు చూచేవారు వేయాలన్నారు. వంటింటి పద్దే గెలిచినది. అయితే ఓడకోసమే ఇక్కడినుండి వెళ్ళేవారు విమానం వేసుకోక తప్పదు. అప్పుడు ఓడకన్నా విమానమే పెద్దపద్దు అవుతుంది.

పన్ను సంగతి ఒకటి. ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశయాత్ర ప్యాకేజీ కొంటే, ఆదాయపు పన్ను క్రింద కొంత శాతం ముందుగా వసూలు చేస్తారు. ఆ రేటు బడ్జెట్టుకొకసారి మారుతున్నది, కొనే రోజున అడగండి. వ్యవసాయాదాయానికి పన్ను లేదు గనుక మనలో చాలామంది రిటర్ను వేయరు. వేయకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు.

గదిని గురించి. కిటికీ లేని గది చవక, బాల్కనీ గది సుమారు రెండింతలు. మేము కిటికీ లేనిదే తీసికొన్నాము. బంధువులు నవ్వారు. కాని ఓడ పైఅంతస్తులలో అద్దాల హాళ్ళున్నవి. అందరికీ ఒకటే సముద్రం. మోకాళ్ళ నొప్పులవారు బాల్కనీకి ఇచ్చే డబ్బు లిఫ్టుకు దగ్గరగా, ఓడ నడిమిభాగంలో గది దొరకడానికి ఇవ్వండి. అక్కడ ఊపు కూడా తక్కువ.

తిండి: టిక్కెట్టుతోనే శాకాహారమని వ్రాయించుకొంటే ఏర్పాటు చేస్తారు. మా బల్ల దగ్గర రెండో రోజునుండి పప్పు, అన్నం వచ్చినవి. పప్పుకు ఉప్పుకారాలు వారివి. ఇంటి పచ్చడి జాడీలు, కరెంటు కుక్కర్లు ఓడలోనికి రానీయరు. సీలువేసిన కారప్పొడి ప్యాకెట్లు వచ్చినవి. వాటితో పక్కబల్లవారితో స్నేహం కూడా అయినది.

చలిబట్టలకు భారీ కోటు అక్కరలేదు. లోపల ఒంటికి అంటుకొనే బట్ట, మీద ఉన్ని స్వెట్టరు, ఆపైన గాలీవానా దూరని పలుచని కోటు. చెవులకు టోపీ, చేతులకు తొడుగులు. స్వెట్టర్లు చలికాలంలో రోడ్డుపక్క టిబెట్టువారు అమ్మేవే తెచ్చాము, బాగున్నవి. బూట్లు మాత్రం మంచివి కొన్నాము. ఆ రైలు వేయకముందు స్కాగ్వే దారిన బంగారానికి పోయేవారిని, ఏడాదికి సరిపడే సామాను చూపితేగాని కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కారట. అది దాదాపు ఒక టన్ను. మా యింట్లో పెట్టెలు సర్దేటప్పుడు ఆ పోలీసులే సర్దినట్లున్నది.

టిక్కెట్టు కొనేటప్పుడు ఓడ ఏ మంచునది దగ్గరకు పోతుందో చదువుకొండి. అన్నీ ఒకచోటికి పోవు. మాది గ్లేసియర్ బే వెళ్ళినది. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. పార్కు ఉద్యోగులు చిన్న పడవలో వచ్చి ఎక్కి, మైకులో వివరించారు. 1794 లో నావికులు వచ్చినప్పుడు ఆ అఖాతమంతా మంచేనట. 1879 నాటికే మంచు ముప్పై మైళ్ళకు పైగా వెనక్కు పోయినది. మార్జరీ అనే మంచునది ముందు ఓడ ఆగినది. నీటిమీద రెండువందల యాభై అడుగుల గోడ. ఒక మూల విరిగి పడినది. పడుట ముందు కనిపించినది, ఉరుము తరువాత వినిపించినది. పైఅంతస్తులో ఎవరూ మాట్లాడలేదు. తరువాత మాలో ఒకరు, “ఎకరానికి ఎనిమిది బస్తాలు” అన్నారు. రెండవవారు ఏమీ అనలేదు.

విక్టోరియాలో ఓడ రాత్రిపూట ఆగినది. దిగి, రేవు గట్టున పావుగంట నడిచి వచ్చాము. ఇరవై మూడు వేల రూపాయల నడక.

మా పద్దు పుస్తకం వెంట తెచ్చాము. సభ అయిన తరువాత కావలసినవారు చూచుకోవచ్చును, ఫొటో తీసికోవచ్చును. 2027 మే నెలకు వెళ్ళదలచినవారు వచ్చే దసరా లోపల కెనడా దరఖాస్తు పెట్టవలెను. పుస్తకం చివర సామాను జాబితా ఉన్నది. అందులో ఇద్దరు మనుషులకు స్వెట్టర్లు మూడని ఉంటుంది. అది పొరపాటు కాదు, దిద్దకండి.